పడినవానిని ఎత్తుటకు ముందు: తుంటి, తొడ, వెన్నెముక విరిగినపుడు రైతులు తెలిసికొనవలసిన సంగతులు

(రైతు శిక్షణ తరగతులలో సేద్యశాస్త్ర ఉపన్యాసకుడు చేసిన ప్రసంగపాఠము)



విత్తనమును గురించి, ఎరువును గురించి, నీటి తడులను గురించి మాటలాడుట నా ఉద్యోగము. ఈ పూట వాటిని ప్రక్కన పెట్టి ఎముకలను గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని. సేద్యశాస్త్రము చెప్పువానికి ఎముకలతో ఏమి పని యని మీరు అడుగవచ్చును. సేద్యమునకు కావలసిన పనిముట్లన్నిటిలో మొదటిది రైతు నడుము. నాగలి విరిగినచో వడ్రంగి యున్నాడు. ట్రాక్టరు చెడినచో మెకానిక్కు ఉన్నాడు. ఇంటి యజమాని నడుము విరిగినచో ఆ కుటుంబము ఆ ఏటి పంటనే కాదు, అప్పుల పాలై ఒక్కొక్కపుడు భూమినే పోగొట్టుకొనును.

నేను వైద్యుడను కాను. వైద్యుడు చేయవలసినది వైద్యునికే వదలెదము. అయితే మనిషి పడిన క్షణము మొదలు ఆస్పత్రి చేరువరకు గడచు గంటయో, రెండు గంటలో వైద్యుని చేతిలో లేవు. అవి మీ చేతిలో, మీ ఇరుగుపొరుగువారి చేతిలో ఉన్నవి. పైరుకు అదను ఎట్టిదో విరిగిన మనిషికి ఆ గంట అట్టిది. అందులో ఏమి చేయవలెను, ఏమి చేయరాదు అను సంగతులే ఈ ప్రసంగములో ముఖ్యము.

మేలు కోరి చేయు కీడు

చింతపండు దులుపు రోజులనుకొందము. ఒక రైతు చెట్టెక్కి కొమ్మ ఊపుచుండగా కాలు జారి పదిహేను అడుగుల ఎత్తునుండి పడినాడు. చుట్టుప్రక్కల చేలవారు పరుగెత్తి వత్తురు. ఒకరు చంకల క్రింద చేతులు వేయుదురు. ఇంకొకరు కాళ్ళు పట్టుదురు. "లేవరా, ఏం కాలేదు, నాలుగడుగులు వెయ్యి" అని ఒక పెద్దాయన ధైర్యము చెప్పును. ఒకరు చెంబుతో నీళ్ళు త్రాగింతురు. లేవలేకపోయినచో మోటారుసైకిలుపై ఇద్దరి నడుమ కూర్చుండబెట్టి గతుకుల బాటలో తీసికొనిపోదురు.

వీరందరును మేలు కోరియే చేసిరి. కాని పడినచోట కాలివ్రేళ్ళు కదల్చగలిగిన మనిషి ఆస్పత్రి చేరుసరికి కదల్చలేని స్థితికి రావచ్చును. ఎముక విరిగినది చెట్టు క్రింద. కాళ్ళు పోయినది మనము ఎత్తిన తీరువలన. ఇది ఎట్లు జరుగునో తెలిసికొందము.

వెన్నెముక సంగతి

మన వెన్నెముక ఒకే కడ్డీ కాదు. మెడలో 7, ఛాతీ వెనుక 12, నడుములో 5 పూసలు విడివిడిగా ఉండును. వాటి క్రింద 5 పూసలు అతుకుకొని ఒక ఎముకగాను, చివర 4 చిన్న పూసలు తోకఎముకగాను ఏర్పడినవి. మొత్తము 33. ఈ పూసల వెనుక ఉన్న గొట్టమువంటి దారిలో వెన్నుపాము మెదడునుండి క్రిందికి దిగును. కాళ్ళు కదలుటకు, స్పర్శ తెలియుటకు, మూత్రము, దొడ్డి అదుపులో ఉండుటకు ఆ పామే ఆధారము. మెట్ట పొలములో గొట్టపుబావి తీగ తెగినచో మోటారు ఎట్లు నిలిచిపోవునో, వెన్నుపాము నలిగినచో దాని దిగువ శరీరము అట్లే నిలిచిపోవును. తీగను అతుకవచ్చును, నలిగి చచ్చిన వెన్నుపామును తిరిగి అతుకు విద్య నేటికిని వైద్యులకు చిక్కలేదు.

ఎత్తునుండి పడినవారికి ఛాతీపూసలు ముగిసి నడుము పూసలు మొదలగు చోట విరుగుట ఎక్కువ. ఛాతీ వెనుక పూసలు ప్రక్కటెముకలతో బిగిసియుండును. నడుము పూసలు వదులుగా వంగును. బిగువు, వదులు కలియుచోటనే దెబ్బ తగులును. కాళ్ళమీద నిలువునా పడినవానికి మడమ ఎముక విరిగినచో, అదే దెబ్బ పైకి ప్రాకి నడుము పూసను కూడ నలిపియుండవచ్చును. కావున మడమ వాచినది గదా యని దానినే చూచుచు నడుమును మరువరాదు.

పూస విరిగినంత మాత్రమున పాము నలుగవలెనని లేదు. చాలమందికి పూస విరిగియు పాము క్షేమముగానే ఉండును. అట్టివానిని చంకలు, కాళ్ళు పట్టి ఎత్తినచో నడుము సగము నింపిన గోనెసంచివలె మడతపడును. విరిగిన పూస ముక్క వెనుకకు జరిగి పామును నొక్కును. కూర్చుండబెట్టినను ఇదే ప్రమాదము.

ఎత్తునుండి పడినవాడు, ట్రాక్టరు క్రింద పడినవాడు, ఎద్దు పొడిచి విసరినవాడు, వాహనము గ్రుద్దినవాడు మెడలోగాని వెన్నులోగాని నొప్పియన్నచో, కాళ్ళు తిమ్మిరిగానున్నవని చెప్పినచో, వ్రేళ్ళు కదల్చలేనిచో, స్పృహ తప్పియున్నచో వెన్నెముక విరిగినదనియే భావింపవలెను. విరుగలేదని తేల్చవలసినది ఆస్పత్రిలో పరీక్ష. మన కన్ను కాదు.

ఎత్తు విధము

మొదట మనిషిని పడినచోటనే ఉంచి 108కి ఫోను చేయవలెను. ఈ అంబులెన్సు సేవ 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను నడచుచున్నది. ఊరిపేరు, చేరుటకు దారి, గుడియో చెరువుకట్టయో ఒక గురుతు చెప్పి, రోడ్డు మీదికి ఒక మనిషిని పంపవలెను. పొలములో ఉన్నవానిని వెదకుటలోనే చాల సమయము పోవుచున్నది.

అంతవరకు ఒకరు తలవద్ద మోకరిల్లి రెండు చేతులతో తలను కదలకుండ పట్టుకొనవలెను. తలక్రింద దిండు పెట్టరాదు. మెడకు ఇరుప్రక్కల తుండుగుడ్డలు చుట్టలుగా చుట్టి ఉంచవచ్చును. తల తిప్పవద్దని పడినవానికి చెప్పవలెను. ఊపిరి ఆడుచున్నదా, ఎక్కడనైన రక్తము కారుచున్నదా చూచి, కారుచున్నచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టవలెను. ఊపిరి, రక్తస్రావము ఈ రెండును ఎముకకంటె ముందు చూడవలసినవి.

వాహనము రాదు, మనమే తరలింపవలెను అన్నపుడు నులకమంచము పనికిరాదు. అది నడుమ క్రుంగి వెన్నును వంచును. తలుపురెక్క గాని, మనిషి పొడవు బల్ల గాని తేవలెను. త్రిప్పుటకు నలుగురు కావలెను. ఒకరు తల పట్టుకొందురు; ఆజ్ఞ ఇచ్చువారు వారే. ముగ్గురు ఒకే ప్రక్కన కూర్చుండి భుజము, తుంటి, మోకాలు వద్ద పట్టుకొందురు. తలవద్దనున్నవారు "ఒకటి, రెండు, మూడు" అనగానే దుంగను దొర్లించినట్లు తల, మొండెము, కాళ్ళు ఒకే వరుసలో తమవైపు ప్రక్కకు త్రిప్పవలెను. ఇంకొకరు వీపు క్రిందికి బల్లను జరుపుదురు. మరల అందరును కలిసి నెమ్మదిగా బల్లమీదికి వాల్చవలెను. నుదురు, ఛాతీ, తుంటి, కాళ్ళవద్ద పంచెలతో బల్లకు కట్టవలెను. ఊపిరికి అడ్డురానంత వదులుగా ఛాతీ కట్టు ఉండవలెను. ఆ బల్లను ట్రాలీలో గాని, వ్యానులో గాని పరుండబెట్టి, దారి గతుకులలో మెల్లగా తీసికొనిపోవలెను. ఆలస్యము పది నిమిషములైనను నష్టము లేదు. వంకర ఒక్క క్షణమైనను నష్టమే.

ఒక్క సందర్భములో మాత్రము వెంటనే జరుపవలెను. ముఖము మడినీటిలో మునుగుచున్నను, మంట అంటుకొన్నను, మీద ఏదైన పడునట్లున్నను ఆగరాదు. అప్పుడు భుజముల దగ్గర బట్ట పట్టి, తలను ముంజేతులపై ఆనించి, శరీరము పొడవునకే నిలువుగా లాగవలెను. ప్రక్కకు లాగరాదు.

కాళ్ళకు స్పర్శ లేదన్నచో వేడి ఇటుకతో కాపడము పెట్టరాదు. కాలుచున్నదని ఆ మనిషికి తెలియదు. చర్మము ఉడికి పుండగును. బల్ల కూడ ప్రయాణమునకు మాత్రమే. గట్టి బల్లపై గంటల తరబడి ఉంచినచో ఒరిపిడి పుండ్లు మొదలగును.

తొడ ఎముక

తొడ ఎముక శరీరములోని ఎముకలన్నిటిలో పొడవైనది, బలమైనది. పడుచువానికి అది విరిగినదన్నచో తగిలిన దెబ్బ చాల పెద్దదని అర్థము. ట్రాక్టరు బోల్తాపడుట, మోటారుసైకిలు ప్రమాదము, బావిలో పడుట సాధారణ కారణములు.

ఇక్కడ ప్రమాదము ఎముకలో కంటె రక్తములో ఉన్నది. పెద్ద మనిషి ఒంటిలో సుమారు 5 లీటర్ల రక్తముండును. తొడ ఎముక నడుమ విరిగినచో చర్మము మీద గీత పడకుండగనే లీటరు మొదలు లీటరున్నర వరకు రక్తము తొడకండలలో చేరవచ్చును. బయట చుక్క కనబడదు. ముఖము పాలిపోవుట, చల్లని చెమట, దప్పిక, నాడి వడిగా సన్నగా కొట్టుకొనుట దానికి గురుతులు. నొప్పికి ఓర్చుకొని "రేపు చూచుకొందము" అన్నవారు ఆ రాత్రి గడుపలేకపోవచ్చును.

చేయవలసినది ఇది. రెండు కాళ్ళ నడుమ మడిచిన దుప్పటి పెట్టి, విరిగిన కాలిని మంచి కాలికి తుండుగుడ్డలతో చేర్చి కట్టవలెను. చంకనుండి మడమ వరకు పొడవైన వెదురుబద్దనో, పలకనో బయటిప్రక్క ఆనించి, ఛాతీ, తుంటి, మోకాలు, చీలమండ వద్ద కట్టినచో ఇంకను మంచిది. విరిగినచోటి మీద ముడి వేయరాదు. కాలు వంకరగానున్నచో దానిని మనము లాగి సరిచేయరాదు. ఉన్న తీరున ఆధారమిచ్చి ఉంచవలెను. కట్టిన తరువాత కాలివ్రేళ్ళు తాకి చూడవలెను. అవి చల్లబడినను, నీలముగా మారినను, తిమ్మిరెక్కినను కట్టు వదలు చేయవలెను.

ఎముక చర్మము చీల్చుకొని బయటికి వచ్చినచో లోపలికి నెట్టరాదు. పసుపు, కాఫీపొడి, పేడ, మట్టి ఏదియు పూయరాదు. పొలపు మట్టిలో ధనుర్వాతపు సూక్ష్మజీవి యుండునని మీరెరుగుదురు. శుభ్రమైన ఉతికిన గుడ్డ కప్పి వెంటనే పంపవలెను. ఎముకలో చీము పట్టినచో సంవత్సరములు బాధించును.

దారిలో అన్నము, కాఫీ, సారాయి ఏదియు ఇవ్వరాదు. ఆపరేషను చేయవలసివచ్చినపుడు కడుపులో నున్నది ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదమున్నది. దప్పికయన్నచో పెదవులు తడిపిన చాలును.

ముసలివారి తుంటి

చెట్టెక్కువాడే పడునని అనుకొనరాదు. ఇంటి గడపవద్ద, తడిసిన స్నానపుగదిలో, రాత్రివేళ పెరటిలో జారిపడు ముసలివారికి తుంటి విరుగుట ఎక్కువ. ముట్లుడిగిన తరువాత స్త్రీల ఎముకలు త్వరగా గుల్లబారును. చెదలు తిన్న దూలమువలె పైకి బాగుగనే కనబడును. చిన్న దెబ్బకే విరుగును.

గురుతులు ఏవనగా, పడినవారు లేచి నిలువలేరు. గజ్జలో నొప్పి యనెదరు. పరుండబెట్టినపుడు ఆ కాలు రెండవదానికంటె పొట్టిగా, పాదము బయటివైపునకు వాలియుండును. ఒక్కొక్కపుడు విరిగిన ముక్కలు ఒకదానిలో నొకటి దిగబడి, మనిషి కుంటుచు నడువవచ్చును. నొప్పి మోకాలిలో తెలియుటయు కలదు. కావున పడిన పిమ్మట గజ్జలోనో మోకాలిలోనో నొప్పి యన్న ముసలివారికి, నడచుచున్నను సరే, ఎక్స్‌రే తీయింపవలెను.

మన ఇండ్లలో ఈ సమయమున ఒక మాట వినవచ్చును: "ఈ వయసులో అత్తకు కోత ఎందుకు? మంచాన పడుకోనీ, మనమే చూసుకుందాం." ఇది ప్రేమతో అనిన మాటయే. కాని తుంటి విరిగిన ముసలివారిని చంపునది విరుగుడు కాదు, మంచము. కదలక పడియున్న కొలది ఊపిరితిత్తులలో నెమ్ము చేరును, వీపున పుండ్లు పడును, కాళ్ళ సిరలలో రక్తము గడ్డకట్టును, మూత్రములో చీము కలుగును. తుంటి విరిగిన వృద్ధులలో ఏడాదిలోపల ఐదుగురిలో ఒకరు మొదలు మువ్వురిలో ఒకరు దాక మరణించుచున్నారని పలు దేశముల అనుభవము. ఆ ప్రమాదమును తగ్గించు మార్గము త్వరగా ఆపరేషను చేయించి, త్వరగా లేపి నడిపించుటయే. వీలైనంతవరకు 48 గంటల లోపల ఆపరేషను జరుగవలెనని వైద్యులు చెప్పుదురు.

ఆపరేషను ఎందుకనగా, తొడ ఎముక పైకొన బంతివలె ఉండి తుంటి గిన్నెలో తిరుగును. ఆ బంతికి రక్తము చాలవరకు మెడ భాగమునుండియే అందును. మెడ విరిగి జరిగినచో, కాలువ గండి పడిన తరువాత చివరి మడివలె, బంతి ఎండి చచ్చును. అట్టి ఎముక కట్టులతో అతుకుట దుర్లభము. అందుచేత ముసలివారికి ఆ బంతిని తీసి లోహపు బంతిని అమర్చుదురు. విరుగుడు మెడకు దిగువనైనచో మేకుతోగాని కడ్డీతోగాని బిగింతురు. ఏ విధమైనను మరునాడో, ఆ తరువాత నాడో చేతికఱ్ఱల చట్రము పట్టి నిలువబెట్టుటయే దాని ప్రయోజనము. వయసు ఎక్కువయని ఆపరేషను మానరాదు; వయసు ఎక్కువ గనుకనే ఆలస్యము చేయరాదు.

ముసలి స్త్రీలకు పడకుండగనే పూస నలుగుటయు కలదు. బిందె ఎత్తగానే నడుము కలుక్కుమనుట, తరువాత నెలల తరబడి నొప్పి, క్రమముగా పొట్టియగుట, గూని రావడము దాని గురుతులు. ముసలితనములో ఇవి మామూలేయని వదలక వైద్యునికి చూపవలెను. ఒకచోట విరిగిన గుల్ల ఎముక రెండవచోటను విరుగును, దానికి మందులున్నవి.

కట్టు విషయము

ఇక కట్టును గురించి. పుత్తూరు కట్టు పేరు మన రాష్ట్రములు దాటి వినబడును. పల్లెలలో తరతరములుగా ఎముకలు కట్టిన కుటుంబములపై మీకు నమ్మకము గలదు. ఆ నమ్మకమును ఎగతాళి చేయుట నా ఉద్దేశము కాదు. ఆధునిక ఎముకల వైద్యము కూడ అట్టి కుటుంబమునుండియే ఒక పెద్ద మేలు పొందినది. ఇంగ్లండులోని లివర్పూలులో ఎవాన్ థామస్ అనునతడు పట్టా లేని ఎముకలు కట్టువాడు. అతడు తన కుమారులను వైద్యవిద్యకు పంపెను. వారిలో హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) తొడ, మోకాలు కదలకుండ పట్టియుంచు ఇనుప బద్దను కనిపెట్టెను. మొదటి ప్రపంచయుద్ధములో ఆయన భార్య మేనల్లుడు, శిష్యుడునైన రాబర్టు జోన్సు దానిని బ్రిటిషు సేనలో వ్యాపింపజేసెను. అంతకుముందు తొడ ఎముక చిట్లి గాయపడిన సైనికులలో నూటికి సుమారు 80 మంది చనిపోవుచుండగా, బద్ద కట్టి తరలించుట మొదలైన తరువాత అది నూటికి 20కి లోబడినదని ఆనాటి శస్త్రవైద్యులు వ్రాసిరి. మందు మారలేదు; మోసుకొనిపోవు తీరు మారినది. మనకు కావలసిన పాఠము అదియే.

కావున తుంటి, తొడ, వెన్నెముక అను ఈ మూడింటి విషయములో మాత్రము మొదటి గడప ఆస్పత్రి కావలెను. ఈ ఎముకలు లోతున ఉన్నవి; చేతితో తడిమి తెలిసికొనుట కష్టము. మర్దన చేసి లాగినచో విరిగిన కొనలు రక్తనాళమును, నరమును కోయవచ్చును. బిగించిన కట్టు లోపల వాపు పెరిగి రక్తము ఆగి, అవయవమే పోవచ్చును. ఎక్స్‌రే చూడకుండ ఈ మూడింటికి ఎవరి చేతను కట్టు కట్టింపరాదు.

తొడ ఎముకకు పూర్వము కాలిని బరువుతో లాగి కట్టి నెలల తరబడి మంచముపై ఉంచెడివారు. 1939లో జర్మనీ వైద్యుడు గెర్హార్డ్ కూన్ట్షర్ ఎముక నడిమి మూలుగ దారిలో ఉక్కు కడ్డీ దింపు పద్ధతిని ప్రవేశపెట్టెను. నేడు అది సర్వసామాన్యము. ఎముక పూర్తిగా అతుకుటకు సాధారణముగా మూడు మొదలు ఆరు నెలలు పట్టినను, మనిషి కొలది దినములలోనే చేతికఱ్ఱలతో లేవగలడు. హైదరాబాదులోని నిమ్స్ మొదట ఎముకల ఆస్పత్రిగా వెలసినదే. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానమువారి బర్డ్ ఆస్పత్రి ఎముకల చికిత్సకు ప్రసిద్ధము. ప్రభుత్వ బోధనాసుపత్రులలో ఎముకల విభాగములు కలవు.

కాళ్ళు పడిపోయినవానిని గురించి ఒక మాట. పూర్వము అట్టివారు పుండ్లవలన, మూత్రరోగమువలన కొద్దికాలములోనే మరణించెడివారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు రెండు గంటలకొకసారి ప్రక్క మార్చుట, మూత్రము విషయమున శుభ్రత, చేతులకు వ్యాయామము, చేయదగిన పని అను క్రమము పెట్టి, వారు చాలకాలము బ్రతుకగలరని నిరూపించెను. ఈ సేవ ఇంటిలో మనమును చేయగలము. చక్రాల కుర్చీలో కూర్చుండి పాడిపశువుల లెక్క, పంట అమ్మకము, ఫోనుమీద మోటారు నడుపుట చేయవచ్చును. మనిషిని మూలకు తోయరాదు.

పడకుండ చూచుకొనుట

ట్రాక్టరు మడ్‌గార్డుపై ఎవరిని కూర్చుండనీయరాదు. దమ్ములో దిగబడినపుడు వెనుకచక్రములకు దుంగ కట్టి నడుపరాదు. చక్రము తిరుగలేక ట్రాక్టరు ముందుభాగము లేచి వెనుకకు బోల్తాపడును. బరువును ఎప్పుడును క్రింది లాగుకడ్డీకే తగిలింపవలెను. తిరుగు షాఫ్టుకు తొడుగు తీయరాదు. పంచె, తువ్వాలు, చీరకొంగు దానిలో చిక్కుకొనును.

మామిడి, చింత కోతకు వీలైనంతవరకు నేలమీదనుండి దోటి వాడవలెను. తాటిచెట్టు ఎక్కు గీతకార్మికులకు తెలంగాణ ప్రభుత్వము 2024లో కాటమయ్య పేర రక్షణ సామగ్రి పంచుట మొదలుపెట్టినది. దొరికినవారు దానిని అటకపై ఉంచక నడుముకు తగిలించుకొనవలెను. గోడ లేని బావికి మూడడుగుల ఎత్తు గోడ కట్టుట ఖర్చుగా తలపరాదు.

యూరియా బస్తా 45 కిలోలు. దానిని నడుము వంచి కాక, మోకాళ్ళు వంచి, ఒంటికి దగ్గరగా పట్టి ఎత్తవలెను. ధాన్యపు బస్తాకు ఇద్దరు ఉండవలెను.

ఇంటిలో ముసలివారి మంచమునుండి మరుగుదొడ్డి వరకు రాత్రి దీపముండవలెను. గోడకు పట్టుకొనుటకు కడ్డీ బిగించి, జారుడు బండలపై గరుకు చేయింపవలెను. కంటిలో పొర వచ్చినచో ఆపరేషను చేయింపవలెను; కన్ను కనబడనివారే ఎక్కువగా పడుదురు.

తిండి విషయము నా శాస్త్రమునకు చెందినదే. పెద్దలకు రోజుకు 1000 మి.గ్రా., ముట్లుడిగిన స్త్రీలకు 1200 మి.గ్రా. సున్నపు ధాతువు కావలెనని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మి.గ్రా. కలదు, అంతే తెల్లబియ్యములో పది మి.గ్రా. కూడ సరిగా లేదు. గ్లాసుడు పాలు, పెరుగు, నువ్వులు, మునగాకు దీనికి మంచి ఆధారములు. మీరే పండించు వస్తువులను అమ్మి, తెల్లబియ్యము మాత్రమే ఇంటికి మిగుల్చుకొనరాదు. ఎండ తగులని ముసలివారికి సున్నము ఒంటికి పట్టదు. రోజును కొంతసేపు ఎండలో కూర్చుండనీయవలెను. పొగాకు, సారాయి ఎముకకు శత్రువులు. నల్లగొండ, ప్రకాశము వంటి ప్రాంతములలో గొట్టపుబావి నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మి.గ్రా. మించినచో త్రాగరాదు; అది చేరిన వెన్నెముక బిగుసుకొనిపోవును. నీటిని పరీక్ష చేయించి త్రాగవలెను.

డబ్బు సంగతి

ఖర్చుకు భయపడి ఆలస్యము చేయువారు చాలమంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ వైద్యపథకము రెండు రాష్ట్రములలోను నడచుచున్నది. ఆస్పత్రికి పోవునపుడు రేషను కార్డు, ఆధారు కార్డు వెంట నుండవలెను. బ్యాంకు ఖాతా గల 18 మొదలు 70 ఏండ్ల వారు ప్రధానమంత్రి సురక్షా బీమాలో ఏటికి 20 రూపాయలతో చేరవచ్చును. ప్రమాదములో మరణించినను, రెండు కాళ్ళు శాశ్వతముగా పనికిరాకపోయినను 2 లక్షల రూపాయలు వచ్చును. పంటకు బీమా కట్టువారు పంట పండించువానికి కట్టకుండుట తగునా?

గుర్తుంచుకొనవలసినవి

1. పడినవానిని లేపకుము, కూర్చుండబెట్టకుము, నడిపింపకుము. 108కి ఫోను చేయుము.
2. వెన్ను దెబ్బకు నులకమంచము కాదు, బల్ల. నలుగురు కలిసి దుంగవలె త్రిప్పవలెను.
3. తొడ విరిగినచో రక్తము లోపలనే కారును. కాలికి కాలు చేర్చి కట్టి వెంటనే పంపవలెను.
4. ముసలివారి తుంటికి ఆపరేషను 48 గంటలలోపల. మంచమున పడవేయరాదు.
5. ఈ మూడింటికి ఎక్స్‌రే తీయకముందు మర్దన, లాగుడు, కట్టు వలదు.
6. దారిలో తిండి, కాఫీ, సారాయి ఇవ్వరాదు.

ఈ ఆరు మాటలను మీ ఊరి రచ్చబండ వద్దనో, పాల కేంద్రము గోడమీదనో వ్రాయింపుడు. మనిషి పొడవు బల్ల ఒకటి, నాలుగు పొడవైన పట్టీలు ఊరిలో అందరికి తెలిసినచోట సిద్ధముగా నుంచుడు. రాత్రి బడి పిల్లలను, పాలేర్లను కూర్చుండబెట్టి దుంగవలె త్రిప్పు విధమును ఒకసారి చేయించి చూపుడు. మందు చల్లు యంత్రమును కొనగానే పొలములో పరీక్షించి చూతుము గదా, ఇదియు అట్లే. అవసరము వచ్చిన నాడు పుస్తకము తెరచు తీరిక యుండదు. చేతులకు అలవాటైన పనియే ఆనాడు అక్కరకు వచ్చును.